కంప్యూటరు రోగములును, రక్షణ డిస్కును, లైసెన్సు చీటియు

పినపాక మండలమున గోదావరి యొడ్డునను అడవి యంచునను గల గ్రామముల పెద్దలు కొందరు నన్నొక మాట యడిగిరి. "కంప్యూటరునకు రోగము వచ్చినదందురు. మందు కొన్నామందురు. అయినను మా కాగితములు పోయినవందురు. ఇది యేమి రోగము? ఇది యేమి మందు?" అని. ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుటయే నేటి నా ప్రసంగము యొక్క ఉద్దేశము.

యంత్రమును చేత ముట్టని పెద్దలకు ఈ గొడవ యేలయని కొందరనుకొనవచ్చును. పూర్వము ఊరి లెక్కలన్నియు కరణముగారి దస్త్రములో నుండెడివి. ఆ దస్త్రమునకు చెద పట్టకుండ, వాన తగులకుండ చూచుట ఊరివారందరి మేలుకొరకే. నేడు ఆ దస్త్రము స్థానమున కంప్యూటరు కూర్చున్నది. మన మండలము 2016 అక్టోబరు 11వ తేదీన ఖమ్మము జిల్లానుండి విడివడి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. జిల్లా మారినను, మండలము మారినను, ముసలివాని పింఛను లెక్క, పట్టాదారు వివరము, బడిపిల్లవాని కులధ్రువీకరణ పత్రము, అమ్మిన ధాన్యము యొక్క తూకము, ఇవి యన్నియు యంత్రములోనే యున్నవి. దస్త్రమునకు చెద పట్టినప్పుడు కరణమొక్కడే నష్టపడలేదు గదా! కావున ఇది పెద్దలు తెలిసికొనవలసిన విషయమే.

ఒకనాడు నేను పినపాకలో నొక టీ కొట్టువద్ద కూర్చుండి యుండగా ఇద్దరు వాదించుకొనుచుండిరి. ఒకరు పత్రములు తీసియిచ్చు కేంద్రమును నడుపువారు. రెండవవారు విత్తనములు, ఎరువులు అమ్ము దుకాణదారు. ఇద్దరి యొద్దను కంప్యూటరులున్నవి. ఇద్దరును రోగనివారక ప్రోగ్రామును, అనగా యాంటీవైరస్‌ను వాడువారే. దుకాణదారు "అన్నా, నేను ఏటేట రొక్కమిచ్చి లైసెన్సు కొనుచున్నాను. లైసెన్సున్నవానికి వేరుగా రక్షణ డిస్కు ఏల?" అనెను. కేంద్రము నడుపు నతడు "తమ్మీ, నాకు డిస్కు చాలును. అది ఉచితముగనే దొరకును. ఉచితముగ దొరకుచుండగా లైసెన్సునకు డబ్బు పోయుట ఏల?" అనెను. వాదము తెగలేదు. వినుచున్న నాకు మాత్రము ఇద్దరును సగము సత్యమునే చెప్పుచున్నారని తోచినది. ఏలయనగా, కొన్నినెలలకు ముందే ఆ రెండవ సగము నాకు అనుభవమునకు వచ్చియుండెను. ఆ కథ తరువాత చెప్పెదను. ముందు రోగమెట్టిదో చూతము.

కంప్యూటరు తనంతట తాను ఆలోచింపదు. దానికి వ్రాసియిచ్చిన ఆజ్ఞలను అక్షరము తప్పక నెరవేర్చును. ఆజ్ఞల కట్టనే ప్రోగ్రామందురు. మేలు కోరి వ్రాసిన ఆజ్ఞలున్నట్లే కీడు కోరి వ్రాసినవియు నుండును. ఒక యంత్రములో ప్రవేశించి, తన ప్రతిని తానే వ్రాసికొని, మరొక యంత్రమునకు ప్రాకు చెడు ఆజ్ఞల కట్టకు వైరస్ అని పేరు. మన యేజెన్సీ గ్రామములలో చలిజ్వరము దోమవలన ఒకరినుండి యొకరికి వచ్చునట్లు, ఇది పెన్ డ్రైవు వలనను, ఉత్తరములతో వచ్చు దస్త్రముల వలనను, నమ్మరాని చోట్లనుండి దింపుకొన్న ప్రోగ్రాముల వలనను వ్యాపించును.

ఈ రోగముల చరిత్రలో నొక వింత కలదు. ఇంటింటికి వచ్చిన చిన్న కంప్యూటరులకు సోకిన మొదటి వైరస్‌గా చెప్పబడునది 1986లో లాహోరు నగరమున పుట్టినది. దాని పేరు బ్రెయిన్. బాసిత్ ఫారూఖ్ అల్వీ, అంజద్ ఫారూఖ్ అల్వీ అను సోదరు లిద్దరు దానిని వ్రాసిరి. వారు తయారుచేసిన వైద్యసంబంధమైన ప్రోగ్రామును జనులు వెల యీయక దొంగప్రతులు తీసికొనుచుండిరట. అట్టివారిని పట్టుకొనవలెనని ఫ్లాపీ డిస్కు మొదటి భాగములో తమ పేర్లు, చిరునామా, ఫోను సంఖ్యలతో సహా ఈ వైరస్‌ను పెట్టిరి. అది వారి చేయి దాటి దేశదేశములు తిరిగినది. అనగా లైసెన్సు లేని వాడుకనుండియే ఈ రోగము పుట్టినదన్నమాట. నలువది యేండ్ల తరువాత కూడ ఆ రెండు సంగతులు, రోగమును లైసెన్సును, ఒకదాని నొకటి విడువలేదు.

ఇక మందు సంగతి. యాంటీవైరస్ అనునది ఊరి కావలివాని వంటిది. తెలిసిన దొంగల ఆనవాళ్ల పట్టిక యొకటి దాని చేతిలో నుండును. లోనికి వచ్చు ప్రతి దస్త్రమును ఆ పట్టికతో పోల్చి చూచును. పట్టికలో లేని క్రొత్తదొంగ వచ్చినచో వాని నడవడిని బట్టి అనుమానించును. దినదినము క్రొత్తదొంగలు పుట్టుచుందురు గాన ఆ పట్టికను దినదినము మార్చుచుండవలెను. ఆ మార్పులను పంపుటకే సంస్థవారు వార్షికముగ రుసుము గైకొందురు. ఆ రుసుమునకు గురుతుగా నిచ్చునదే లైసెన్సు. మన దేశమునను ఈ పనిని చేయు సంస్థలున్నవి. చెన్నపట్టణములో కేశవర్ధనన్ అను నతడు 1991లో కే సెవెన్ అను సంస్థను ప్రారంభించెను. పుణె నగరములో కైలాస్ కాట్కర్, సంజయ్ కాట్కర్ అను సోదరులు క్విక్ హీల్ అను దానిని పెంచిరి. వారిలో పెద్దవాడు మొదట లెక్కలు చేయు చిన్నయంత్రములను బాగుచేయు దుకాణము నడిపినవాడు.

కావలివాడుండగా రక్షణ డిస్కు ఏల యని దుకాణదారు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వత్తము. కావలివాడు ఆ యింటిలోనే నివసించును. దొంగ ముందుగా లోన జొరబడి కావలివానిని కట్టివేసినచో నేమి చేయగలడు? కొన్ని వైరస్‌లు చేయునది ఇదియే. కంప్యూటరు మేల్కొనిన క్షణముననే తామును మేల్కొని, యాంటీవైరస్‌ను తెరువనీయవు. తెరచినను తమ దస్త్రములను దానికి కనబడనీయవు. వెదకువాని చేతి దీపమును దొంగయే పట్టుకొని చూపుచుండగా దొంగ యెట్లు దొరకును?

రక్షణ డిస్కు ఈ చిక్కును విడదీయు ఉపాయము. దీనిని సాధారణముగ రెస్క్యూ డిస్కు అందురు. ఇది ఒక సీడీగాని, పెన్ డ్రైవుగాని కావచ్చును. దానిలో వెదకు ప్రోగ్రాము మాత్రమే గాక, యంత్రమును మేల్కొలుపుటకు కావలసిన సొంత వ్యవస్థ యొకటి యుండును. అది తరచుగా లినక్స్ అను నుచిత వ్యవస్థపై నిర్మింపబడినది. కంప్యూటరును ఆపి, ఈ డిస్కును పెట్టి, తిరిగి ప్రారంభించునప్పుడు తగిన మీటను నొక్కినచో, యంత్రము తన లోపలి విండోసును లేపక ఈ డిస్కులోని వ్యవస్థనే లేపును. అప్పుడు లోపలి దస్త్రములన్నియు నిద్రించుచుండును. వైరస్ కూడ నిద్రించుచునే యుండును. నిద్రించుచున్న దొంగను పట్టుట సులభము గదా! అనేక సంస్థలు ఇట్టి డిస్కును వెల లేకయే యిచ్చుచున్నవి. రష్యా దేశపు డాక్టర్ వెబ్, కాస్పర్‌స్కీ సంస్థల డిస్కులు ఇట్టివి. విండోసు పది మొదలుకొని యంత్రములోనే డిఫెండర్ ఆఫ్‌లైన్ అను పరీక్ష యొకటి అమర్చబడియున్నది. దానికి వేరు డిస్కు అక్కరలేదు. కాని విండోసే పూర్తిగ లేవలేని స్థితిలో బయటి డిస్కే శరణ్యము.

అయితే ఈ డిస్కును తయారు చేసికొనుటలో నాలుగు సంగతులు గుర్తుంచుకొనవలెను.

మొదటిది, దానిని ఆరోగ్యముగ నున్న యంత్రముమీదనే, ఆపదకు ముందే తయారు చేయవలెను. భద్రాచలమువద్ద గోదావరి నలువది మూడడుగులకు వచ్చినప్పుడు మొదటి హెచ్చరిక, నలువది యెనిమిదింటికి రెండవది, ఏబది మూడింటికి మూడవది యెగురవేయుదురు. 1986లో నది 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును పెరిగినది. నీరు గడప దాటిన తరువాత పడవకు కొయ్య చెక్కించువారిని మనము చూడలేదు. రోగము సోకిన యంత్రముమీద డిస్కును తయారుచేయబూనుట అట్టిదే.

రెండవది, సంస్థ యొక్క సొంత స్థానమునుండియే దానిని దింపుకొనవలెను. దింపుకొన్న దస్త్రమును మామూలుగ నకలు చేసినచో యంత్రము దానిని చూచి మేల్కొనదు. మేల్కొలుపు డిస్కుగా వ్రాయుటకు ప్రత్యేకమైన విధానము కలదు. చేసిన వెంటనే ఒకసారి పరీక్షించి చూడవలెను.

మూడవది, ఒకసారి వ్రాసిన సీడీమీద వైరస్ తిరిగి వ్రాయలేదు. అది దాని మేలు. కాని దానిలోని దొంగల పట్టిక వ్రాసిన దినముననే నిలిచిపోవును. అది దాని కీడు. కావున వాడునప్పుడు ఇంటర్నెట్టు కలిపి పట్టికను క్రొత్త చేసికొనవలెను, లేదా అప్పుడప్పుడు క్రొత్త డిస్కును వ్రాసికొనవలెను.

నాలుగవది, క్రొత్తరకపు యంత్రములలో లోపలి డిస్కు తాళము వేయబడియుండును. బిట్‌లాకర్ అని దాని పేరు. ఆ తాళమునకు నలువది యెనిమిది అంకెల తిరుగు తాళపుచెవి యొకటి యుండును. అది చేత లేనిచో రక్షణ డిస్కు లోపలి దస్త్రమును ఒక్కదానినైనను చదువజాలదు. మీ పిల్లలు క్రొత్త యంత్రమును కొన్నప్పుడు ఆ నలువది యెనిమిది అంకెలు ఎచట వ్రాసి పెట్టిరో అడుగుడు.

ఇక నా కథ. నేను బడిపంతులుగ పనిచేసి విరమించినవాడను. ఒక యాసంగి కాలమున మా చెంతనున్న ధాన్యము కొను కేంద్రములో లెక్కలు చూచుటకు ఒప్పుకొంటిని. రైతు ధాన్యము తెచ్చును. తేమ పదునేడు పాళ్లకు మించకున్నచో తూకము వేయుదురు. రైతు పేరు, గోనె సంచుల లెక్క, తూకము, బ్యాంకు ఖాతా సంఖ్య, ఇవన్నియు కంప్యూటరులో వ్రాయుదుము. ఆ లెక్క పైకి పోయినగాని రైతునకు పైకము రాదు.

ఒక ఉదయమున నేను యంత్రమును తెరువగా దస్త్రపు సంచులన్నియు మాయమై, వాని పేర్లతోనే చిన్నచిన్న బాణపు గురుతులు మాత్రము కనబడినవి. వానిని తాకినకొలది తెర రెపరెపలాడుచుండెను. ముందటి సాయంకాలము ఎవరిదో ఫొటోలున్న పెన్ డ్రైవును పెట్టి తీసిన మాట తరువాత తెలిసినది. యాంటీవైరస్ గురుతును తాకితిని, అది తెరుచుకొనలేదు. దాని గడువు ముగిసి రెండు నెలలైనది. గడువు తీరుచున్నదని సంస్థవారు ఉత్తరములు పంపిరి. కాని అవి పూర్వము అచట పనిచేసి హైదరాబాదునకు వెడలిపోయిన కుఱ్ఱవాని చిరునామాకు పోయినవి. కొన్ననాడు అతడు తన చిరునామానే యిచ్చియుండెను. మూడు హెచ్చరికలును వచ్చినవి, వినువారు లేరు.

యంత్రములు బాగుచేయు నొకనిని పిలిపించితిమి. అతడు చూచి "అంతయు తుడిచివేసి క్రొత్తగా నెక్కించెదను, అరపూటలో అయిపోవును" అనెను. ఆ సమయమున అరుగుమీద కూర్చున్న ఒక ముసలిరైతు, పోడు చేసికొని బ్రతుకు కోయ పెద్ద, నన్ను చూచి "బిడ్డా, తుడిచినచో నా పేరు కూడ పోవునా?" అని యడిగెను. ఆ మాటకు నా చేయి ఆగినది. తుడుచుట యనగా రోగముతోబాటు రోగిని కూడ పూడ్చుటయే. ఒక దినము ఆగుడని చెప్పి, మణుగూరులో నుండు నా పాతశిష్యు నొకనికి కబురు పంపితిని.

అతడు సాయంకాలపు బస్సులో నొక సీడీ తెచ్చెను. యంత్రమును పూర్తిగ ఆపించెను. విండోసు ఒక్కొక్కప్పుడు ఆరిపోయినట్లు కనబడి సగము నిద్రలో నుండుననియు, ఆ స్థితిలో బయటి వ్యవస్థ లోపలి డిస్కును సవరింపరాదనియు, షిఫ్టు మీటను నొక్కి పట్టి ఆపినచో పూర్తిగ ఆరుననియు నాకు చెప్పెను. తరువాత సీడీని పెట్టి లేపగా తెర వేరురూపమున వచ్చినది. ఆశ్చర్యమేమనగా, మాయమైన దస్త్రపు సంచులన్నియు అచటనే కనబడినవి! ఆ వైరస్ వానిని తినలేదు. విండోసుకు కనబడకుండ దాచి, వాని స్థానమున తన బాణపు గురుతులను నిలిపినది. లినక్సుకు ఆ దాపరికము పట్టదు. మొదట అవసరమైన లెక్కలను వేరొక డిస్కుమీదికి తీసి, ఆ తరువాత పరీక్ష నారంభించితిమి. అది తెల్లవారుజామువరకు నడచినది. పట్టుబడినవానిని వెంటనే చంపక వేరుగ బంధించి పెట్టుమని ఆజ్ఞ యిచ్చెను. ఒక్కొక్కప్పుడు మంచి దస్త్రము కూడ అనుమానమున చిక్కుకొనునని అతని మాట.

తెల్లవారిన తరువాత చూడగా, కడపటి రెండుదినముల లెక్కయున్న దస్త్రమొకటి చెడి తెరువరాలేదు. దానిని డిస్కు కూడ బాగుచేయలేకపోయినది. అప్పుడు మమ్ము కాపాడినది యేది? తూకమువద్ద కూర్చుండు స్త్రీలు, మహిళాసంఘమువారు, పాతఅలవాటు విడువక పంక్తులు గీచిన నోటుపుస్తకములో ప్రతిరైతు సంచుల లెక్కను వ్రాసియుండిరి. ఆ పుస్తకమును చూచి రెండుదినముల లెక్కను తిరిగి యెక్కించితిమి. ముసలిరైతు పేరు ఆ రెండు దినముల లెక్కలోనే యుండెను. నోటుపుస్తకము లేకున్న నేనతనికి నేమి జవాబు చెప్పియుందునో నేటికిని నాకు తెలియదు.

కావున డిస్కు చేయగలదేదో, చేయలేనిదేదో స్పష్టముగ తెలిసికొనవలెను. అది దాగిన వైరస్‌ను పట్టగలదు. లేవలేని యంత్రమునుండి దస్త్రములను బయటికి తీయగలదు. కాని చెడిన దస్త్రమును మరల పుట్టింపజాలదు. ముఖ్యముగ రాన్సమ్‌వేర్ అను నొక జాతి కలదు. అది దస్త్రములను దాచదు. వానికి తాళము వేసి, తాళపుచెవికి వెల యడుగును. 2017 మే 12వ తేదీన వాన్నక్రై అను పేరుగలది నూటయేబదికి పైగా దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములను పట్టినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కంప్యూటరులు కొన్ని కూడ దానిపాలైనవి. అది చొరబడిన కంతను పూడ్చు సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు రెండునెలల ముందే, మార్చిలో, విడుదల చేసియుండెను. సవరణను వేసికొనని యంత్రములే చిక్కినవి. 2019లో తెలంగాణ, ఆంధ్ర రాష్ట్రముల విద్యుత్తు పంపిణీ సంస్థల కంప్యూటరుల మీదను ఇట్టి దాడి జరిగినది. 2022 నవంబరులో ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో యంత్రములు దినముల తరబడి నిలిచిపోగా, రోగుల చీటీలను చేతితో వ్రాయవలసివచ్చినది. ఇట్టి తాళము పడిన తరువాత రక్షణ డిస్కు దొంగను తరుమును గాని తాళమును తీయలేదు. వేరుచోట దాచిన నకలే అచట దిక్కు. ఆ నకలు దాచిన డిస్కును ఎల్లప్పుడు యంత్రమునకు తగిలించి యుంచరాదు. తగిలియున్నచో దానికిని తాళము పడును.

నా కథ ఇంతతో ముగియలేదు. రోగము పోయిన తరువాత లైసెన్సును తిరిగి కొంటిమి. డబ్బీలోని చీటిపైనుండు అక్షరముల, అంకెల వరుసను ఎవరికిని మరపు రాకుండ కంప్యూటరు తెర ప్రక్కన అంటించితిమి. ఎంత తెలివి! నెల తిరుగకముందే, మరియొక యంత్రములో ఈ లైసెన్సు వాడుకలో నున్నదని సంస్థవారి యంత్రము చెప్పి మా రక్షణను నిలిపివేసినది. వచ్చిపోవువారిలో నెవరో చీటికి ఫొటో తీసికొనియుందురు. మేము కొన్నవారమని రుజువు చేయుటకు రసీదు కావలసివచ్చినది. అదృష్టవశమున అది ఖాతాపుస్తకములో నుండెను.

లైసెన్సు సమాచారమనగా నేమి? మొదటిది, ఆ అక్షరముల వరుస. రెండవది, కొన్ననాడిచ్చిన పేరు, ఫోను సంఖ్య, ఉత్తరపు చిరునామా. మూడవది, సంస్థ స్థానములో మన ఖాతాకు పెట్టుకొన్న రహస్యపదము. నాలుగవది, ఏ యంత్రములో నెక్కించితిమో, ఎన్నిదినములు మిగిలియున్నవో అను వివరము. ఇది ఇంటి పట్టావంటిది. పట్టాను గోడకు అంటించువారు లేరు, పెట్టెలో దాచుకొందురు. దీనిని కూడ పాసుపుస్తకమున్న పెట్టెలోనే రసీదుతోసహా దాచవలెను. సహాయము కోరుచు చీటి ఫొటోను వాట్సాప్ గుంపులో పెట్టుట, పట్టాను సంత నడుమ పరచుట వంటిది. యంత్రమును తుడుచుటకుగాని అమ్ముటకుగాని ముందు, లైసెన్సును ఆ యంత్రమునుండి విడిపించుకొనవలెను. లేనిచో లెక్కలో అది పాత యంత్రమువద్దనే నిలిచిపోవును.

దీనిని ఆశ్రయించి బ్రతుకు మోసములు మూడు. తక్కువ వెలకు లైసెన్సు సంఖ్యల నమ్ముటయు, వెల లేక లైసెన్సు పుట్టింతుమని చెప్పు దొంగప్రోగ్రాములును మొదటివి. ఆ ప్రోగ్రాములలోనే తరచు వైరస్ కూర్చుండి యుండును. కావలివానిని దొంగలసంతలో కొన్నట్లగును. రెండవది, "మీ లైసెన్సు తీరినది, మేమే వచ్చి బాగుచేయుదుము, ఈ చిన్నప్రోగ్రామును ఎక్కించుడు" అని వచ్చు ఫోను. ఎక్కించినచో దూరముననుండియే మన యంత్రము వారి వశమగును. ఏ మంచి సంస్థయు ఫోనులో ఓటీపీ యడుగదు. మూడవది, తెరపై హఠాత్తుగ వచ్చి "మీ యంత్రములో వందల వైరస్‌లున్నవి, వెంటనే రుసుము కట్టుడు" అని బెదరించు బొమ్మ. అది వైద్యుని వేషమున వచ్చిన దొంగ. డబ్బు పోయినయెడల ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగ చేసినచో ఆ పైకమును ఆపుట కంత అవకాశముండును.

కావలివానిని కూడ ఒక కంట చూడవలెనని మరియొక సంగతి చెప్పెదను. అవాస్ట్ అను పేరుగల యాంటీవైరస్‌ను కోట్లకొలది జనులు వాడిరి. జనులు ఇంటర్నెట్టులో నేమేమి చూచుచుండిరో ఆ వివరములను ఆ సంస్థవారు తమ అనుబంధ సంస్థయైన జంప్‌షాట్ ద్వారా ఇతరులకు అమ్మిరి. సంగతి బయటపడిన తరువాత 2020లో జంప్‌షాట్‌ను మూసివేసిరి. 2024 ఫిబ్రవరిలో అమెరికా దేశపు వాణిజ్యసంఘమువారు అవాస్ట్‌పై ఒక కోటి అరువదియైదు లక్షల డాలర్ల మొత్తమును చెల్లింపవలెనని విధించిరి. మన దేశములో వ్యక్తుల సమాచారమును కాపాడుటకు 2023లో చట్టము చేయబడినది. ప్రోగ్రామును ఎక్కించునప్పుడు "మీ సమాచారమును ఇతరులతో పంచుకొందుము, సమ్మతమేనా" అని యడుగు గడులను పిల్లలు చదువకయే సమ్మతించుచుందురు. చదివి, అక్కరలేనివానిని తీసివేయుమని చెప్పుడు.

మరి టీ కొట్టు వాదమునకు తీర్పేమి? ఇరువురకును నేను చెప్పినదిది. లైసెన్సు నిత్యము ఇంటిని కాయు కావలి. డిస్కు ఆ కావలి ఓడిననాడు బయటినుండి వచ్చు సహాయము. డిస్కు దొంగను రాకుండ ఆపదు. వచ్చిన తరువాత వెదకును. లైసెన్సు వచ్చువానిని ఆపును; కాని తానే కట్టుబడినచో నేమియు చేయలేదు. రెండింటికిని వెనుక నకలుండవలెను. విండోసు పదికి సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి గాన, పాత యంత్రములను వాడువారు ఆ సంగతియు చూచుకొనవలెను. గోడ పడిపోయిన యింటికి కావలి యొక్కటే చాలదు. రుసుము కట్టలేనివారికి విండోసుతో వచ్చు డిఫెండర్ వెల లేకయే యున్నది. భారతప్రభుత్వము 2017 ఫిబ్రవరి 21వ తేదీన ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము కూడ రోగమును తొలగించు పనిముట్లను ఉచితముగ నందించుచున్నది.

పెద్దలారా! మీరు యంత్రమును నేర్చుకొననక్కరలేదు. మీ పేరు వ్రాసియున్న కంప్యూటరు గల చోటికి పోయినప్పుడు నాలుగు ప్రశ్నలడిగిన చాలును. నాయనా, లెక్కలకు వేరుచోట నకలున్నదా? రక్షణ డిస్కు తయారై యున్నదా, దానిని పరీక్షించితివా? లైసెన్సు గడువెప్పుడు, దాని హెచ్చరిక యెవరి ఫోనునకు వచ్చును? చీటియు, రసీదును ఎచట దాచితివి? అడుగుటకు సిగ్గుపడకుడు. తూకమువద్ద ముల్లు సరిగా నున్నదో లేదో చూచుటకు మనము సిగ్గుపడుదుమా?

ఆ ముసలిరైతునకు పైకము కొన్నిదినములు ఆలస్యముగ వచ్చినది. వచ్చిననాడు ఆయన కేంద్రమునకు వచ్చి, కంప్యూటరు వంక చూడక, నోటుపుస్తకమును తెప్పించి, తన పేరున్న పంక్తిని వ్రేలితో తడవి చూచి వెడలెను. ఆ పుస్తకమిప్పుడును అచటనే యున్నది. దాని ప్రక్కన సీడీ యొకటియు, లైసెన్సు చీటియు ఒకే పెట్టెలో నున్నవి. ఆ పెట్టె తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో మా గ్రామములో నిప్పుడు పదిమందికి తెలియును.